హీరో వెనక నడిచేవాళ్లు: సైనిక సాహస కామిక్‌లో పక్క పాత్రలను తయారు చేయడం ఎట్లా?

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర నేను టీ తాగే బంకుకి ఒక రిటైర్డ్ హవల్దార్ అన్న వస్తాడు. ఇప్పుడు ఏటీఎం దగ్గర నైట్ డ్యూటీ గార్డుగా చేస్తున్నాడు, డ్యూటీ దిగి ఇంటికి పోయే ముందు అక్కడ ఆగుతాడు. నా కామిక్ మొదటి సంచిక పెన్సిల్ పేజీలు ఒకరోజు ఆయన చేతిలో పెట్టాను. లెఫ్టినెంట్ హీరో, వెనక తొమ్మిది మంది జవాన్లు, మంచుకొండ మీద పోస్టుకి ఎక్కుతున్నారు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, ఒక్కో పేజీ నిదానంగా తిప్పి చూసి, చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు: "బాగుందప్పా. ఈ పదిమందికీ నీళ్లు ఎవరు మోస్తాండారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తొమ్మిది మందికీ పేర్లు పెట్టాను, ఒకడికి కోపమెక్కువ, ఒకడు జోకులేస్తాడు, ఒకడికి తిండి పిచ్చి అని గుణాలు రాసుకున్నాను, కానీ ఒక్కడికీ పని ఇవ్వలేదు. పని లేనివాడు బొమ్మలో నిలబడి హీరోని చూడటం తప్ప ఏం చేస్తాడు? నా పేజీల్లో అందరూ అదే చేస్తున్నారు. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్న వెంట పోతూ నేర్చుకున్నదే కాబట్టి ఈ గైడ్ కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదటి అడుగు: ముందు పని పంచండి, గుణం తర్వాత

మన సైన్యంలో పదాతి దళంలో అన్నిటికన్నా చిన్న జట్టు సెక్షన్, సుమారు పదిమంది. మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్, మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ, అలాంటి నాలుగు రైఫిల్ కంపెనీలు, ఇంకొన్ని సహాయ విభాగాలు కలిస్తే బెటాలియన్. కామిక్‌కి సెక్షన్ సైజే సరిపోతుంది, ఎందుకంటే కంపెనీ మొత్తాన్ని కథలోకి తెస్తే వందకు పైగా ముఖాలు అవుతాయి, చదివేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయండి. పేర్లు వద్దు, పనులే రాయండి. సెక్షన్ కమాండర్ ఎవరు, ఆయనకేమన్నా అయితే ఆ చోటు ఎవరు తీసుకుంటారు, లైట్ మెషిన్ గన్ ఎవరి చేతిలో ఉంది, దానికి తూటాల మ్యాగజైన్లు మోస్తూ పక్కనే ఉండే రెండోవాడు ఎవరు, రేడియో ఎవరి వీపు మీద ఉంది, దెబ్బ తగిలితే కట్టు కట్టేది ఎవరు. ఇవి రాశాక కథలో రోజూ జరగాల్సిన చిన్న పనులు రాయండి: మంచు కరిగించి నీళ్లు చేసేది ఎవరు, రాత్రి రెండు గంటల సెంట్రీ కాపలా ఎవరిది, రేషన్ లెక్క ఎవరి దగ్గర, తాడు ముందుగా కట్టేది ఎవరు. ఎత్తైన పోస్టుల్లో నీళ్లంటే కిరోసిన్ స్టవ్ మీద మంచు కరిగించుకోవడమే. ఇరవై లీటర్ల జెర్రీక్యాన్ నిండా నీళ్లంటే ఇరవై కిలోలు, దానికి డబ్బా బరువు అదనం. ఆ బరువు మోసేవాడి భుజం గీస్తే చాలు, సగం పాత్ర తయారైనట్టే.

రేడియో మోసేవాడి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఈ పాత్రను అందరూ వృథా చేస్తారు. అతను ఎప్పుడూ కమాండర్‌కి చేతికందే దూరంలో ఉండాలి. అంటే హీరో ఏ నిర్ణయం తీసుకున్నా అతనికి తెలుస్తుంది, పైనుంచి ఏ కబురు వచ్చినా ముందు అతని చెవిలోనే పడుతుంది. సాయం రాదు అన్న కబురు అందరికన్నా ముందు విన్నవాడు, అది హీరోకి చెప్పే లోపల ఉన్న ఆ మూడు సెకన్లు, మిగతా ఎనిమిది మంది తన ముఖంలోకే చూస్తున్నారని తెలిసిన ఆ మూడు సెకన్లు, వాటిని ఒక పూర్తి పేజీగా గీయొచ్చు. ఇంకో సంగతి, రేడియో మాటలు సరిగ్గా రాయండి. ఓవర్ అంటే నా మాట అయింది, నీ జవాబు కోసం చూస్తున్నా అని, ఔట్ అంటే సంభాషణ అయిపోయిందని. రెండూ కలిపి 'ఓవర్ అండ్ ఔట్' అనడం సినిమాల్లోనే. సైన్యంలో పనిచేసిన పాఠకుడు ఆ ఒక్క మాటల బుడగ చూసి పుస్తకం మూసేస్తాడు.

పదిమందికీ పని ఇచ్చాక నలుగురైదుగురిని ఎంచుకోండి. కథ మోసేది వాళ్లే. మిగతావాళ్లకు పేరు, పని, ఒక అలవాటు ఉంటే చాలు, పదో సంచికలో అవసరమైతే ముందుకు తెచ్చుకోవచ్చు.

రెండో అడుగు: ఊరు ఇవ్వండి, ఆ ఊరిని పనిలోకి తీసుకురండి

మద్రాస్ రెజిమెంట్ పుట్టుక 1758 నాటిది, సెంటర్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, దక్షిణాది రాష్ట్రాల కుర్రాళ్లు అందులో కలిసి పనిచేస్తారు. మన సీమ వాళ్ల మీద కామిక్ రాయాలంటే ఇది మంచి చోటు, ఎందుకంటే ఒకే సెక్షన్‌లో తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు అన్నీ వినిపిస్తాయి, అందరికీ కలిపి హిందీ కమాండ్ ఉంటుంది. "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు" అన్న వాళ్ల యుద్ధ నినాదం ఉండనే ఉంది.

అయితే ఊరి పేరు రాసి, రాగి సంగటి తింటాడని ఒక బొమ్మ వేస్తే పాత్ర అవ్వదు. ఊళ్లో చిన్నప్పటి నుంచి చేసిన పని కొండ మీద ఎట్లా పనికొస్తుందో చూడండి. నా సెక్షన్‌లో ఓబులేసు అని ఒకడున్నాడు, జొన్నగిరి వైపు వాడు. అక్కడ తొలకరి వానలు పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో తిరుగుతారు కదా, తుగ్గలి, జొన్నగిరి, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు దాకా. ఓబులేసు ఆరేళ్ల వయసు నుంచి వాళ్ల అమ్మ వెనక వంగి నేల చూస్తూ నడిచినవాడు. ఒక్క రాయి కూడా దొరకలేదు, చూపు మాత్రం మిగిలింది. వాన కడిగిన మట్టికీ, మనిషి చేత్తో కదిపిన మట్టికీ తేడా నిలబడిన చోటు నుంచే చెప్తాడు. రెండో సంచికలో దారిలో పాతిపెట్టిన మందుపాతరను చూసింది అతనే, హీరో కాదు. ఆ పేజీలో మొదటి గడిలో చేను, వంగిన పిల్లాడు, పక్క గడిలో అదే వంపుతో మంచులో జవాను. మాట ఒక్కటీ రాయలేదు.

ఇలాంటివి మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. బేతంచర్ల బండల క్వారీలో పెరిగినవాడికి రాయిని సుత్తితో తడితే వచ్చే శబ్దాన్ని బట్టి లోపల పగులుందో లేదో తెలుస్తుంది, కొండ ఎక్కేటప్పుడు మేకు ఎక్కడ కొట్టాలో వాణ్నే అడగండి. అనంతపురం వేరుశనగ రైతు కొడుకు మబ్బు వైపు చూసే చూపు వేరు. కడప పెద్ద దర్గా ఉరుసుకి ఏటా పోయి, వేల మందికి వండే చోట గంటె పట్టినవాడు పదిమందికి వంట అంటే బెదరడు, కానీ ఆ ఎత్తులో అన్నం ఉడకకపోతే వాడి అహం దెబ్బతింటుంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే మెతుకు పలుకుగానే ఉంటుంది. వంటవాడికి అదొక యుద్ధం, దాన్ని కథలో గౌరవంగా చూపించండి.

మూడో అడుగు: భుజం మీద గుర్తులతోనే గొడవలు పెట్టండి

పాత్రల మధ్య ఘర్షణ కోసం విలన్ లాంటి జవాన్ని సృష్టించే పని లేదు. ర్యాంకుల్లోనే కావలసినంత ఉంది. సుబేదార్ అంటే సిపాయి నుంచి మెట్టుమెట్టుగా పైకొచ్చినవాడు, లెఫ్టినెంట్ అంటే నేరుగా ఆఫీసర్‌గా చేరినవాడు. సుబేదార్ భుజం మీద రెండు నక్షత్రాలు, కింద ఒక పట్టీ. లెఫ్టినెంట్ భుజం మీద కూడా రెండు నక్షత్రాలే, పట్టీ ఉండదు. బొమ్మలో ఆ పట్టీ మర్చిపోతే నలభై దాటిన సుబేదార్ సాబ్ కాస్తా లెఫ్టినెంట్ అయిపోతాడు, నేను ఆ తప్పు చేశాను కాబట్టి చెప్తున్నా. లాన్స్ నాయక్‌కి ఒక గీత, నాయక్‌కి రెండు, హవల్దార్‌కి మూడు. నాయబ్ సుబేదార్‌కి పట్టీతో ఒక నక్షత్రం. సుబేదార్ మేజర్‌కి పట్టీతో పాటు మూడు సింహాల ముద్ర.

ఇప్పుడు ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టండి. ఇరవై మూడేళ్ల లెఫ్టినెంట్, ఇరవై ఏళ్ల సర్వీసున్న సుబేదార్. సెల్యూట్ కొట్టేది పెద్దాయన, కానీ లెఫ్టినెంట్ కూడా ఆయన్ని "సాబ్" అనే పిలుస్తాడు. కొత్త ఆఫీసర్‌కి కొండ గురించి ఏమీ తెలియదు, సాబ్‌కి తెలుసు, కానీ ఆర్డర్ ఇచ్చే అధికారం కుర్రాడిది. తప్పు దారి అని తెలిసినా అందరి ముందు ఆఫీసర్ మాట తీసేయకుండా ఎట్లా చెప్పాలి? నా సుబేదార్ ఏం చేస్తాడంటే, బూటు లేసు కట్టుకునే వంకతో అక్కడే కూర్చుంటాడు. కూర్చుంటే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే లెఫ్టినెంట్ వెనక్కి వచ్చి అడుగుతాడు, అప్పుడు ఇద్దరే ఉన్న చోట మెల్లగా చెప్తాడు. ఈ లేసు కట్టుకోవడం మూడు సంచికల్లో వాడాను. నాలుగోసారి ఆయన వంగగానే లెఫ్టినెంట్ తనంతట తనే ఆగి దారి మార్చాడు, ఆ గడి చూసి చదివినవాళ్లు చాలామంది మెచ్చుకున్నారు.

ఇంకో జోడీ ఇప్పటి కాలానిది. 2022లో అగ్నిపథ్ వచ్చాక సిపాయిగా చేరే కుర్రాడి సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత నలుగురిలో ఒక్కరికి మించి ఉంచుకోరు. అదే సెక్షన్‌లో పెన్షన్‌కి కావలసిన పదిహేనేళ్లు పూర్తిచేయబోతున్న నాయక్ ఉన్నాడు. ఒకే గుడారం, ఒకే రొట్టె, ముందున్న కాలం మాత్రం వేరు. అగ్నివీర్, అంటే ఆ నాలుగేళ్ల కుర్రాడు, ప్రతి పనికీ ముందుకు దూకుతాడు, ఎవరో చూసి రాసుకుంటారని ఆశ. నాయక్‌కి అది ప్రమాదమని తెలుసు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాకుండా రాయండి, అప్పుడు చదివేవాడు ఎవరి వైపు ఉండాలో తేల్చుకోలేక పేజీ తిప్పుతాడు.

నాలుగో అడుగు: ఒకే యూనిఫాంలో పదిమందిని గుర్తుపట్టించడం

సైనిక కామిక్‌లో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. అందరిదీ ఒకే రంగు బట్ట, ఒకే హెల్మెట్, మంచులో అయితే కళ్లద్దాలు, ముఖానికి గుడ్డ. పరీక్ష ఏమిటంటే పాత్రల్ని నిలువెత్తుగా గీసి, లోపలంతా నల్ల ఇంకుతో పూడ్చేయండి. ఆ నీడను చూసి ఎవరెవరో మీ ఇంట్లోవాళ్లు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఎత్తు మార్చండి, భుజం వంపు మార్చండి, రైఫిల్ పట్టుకునే తీరు మార్చండి. మీసాలు, గాట్లు, కళ్లజోళ్ల మీద ఆధారపడొద్దు, దూరం నుంచి గీసిన గడిలో అవి కనిపించవు.

అమెరికాలో 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టిన సార్జెంట్ ఫ్యూరీ అనే యుద్ధ కామిక్ సిరీస్‌లో డమ్ డమ్ డుగన్ అనే పాత్ర యుద్ధంలో కూడా గుండ్రటి బౌలర్ టోపీ పెట్టుకునే ఉంటాడు, గేబ్ జోన్స్ చేతిలో బాకా ఉంటుంది. నిజమైన సైన్యంలో అట్లా కుదరదు, కానీ ఎంత చిన్న గడిలోనైనా అతనెవరో తెలిసిపోతుంది. మనం కొంచెం నిజానికి దగ్గరగా ఉందాం: నీళ్లు మోసేవాడి వీపు మీద క్యాన్ చతురస్రం, రేడియోవాడి భుజం పైన ఏరియల్, గన్ పట్టుకున్నవాడి నడకలో ఒక పక్కకి ఒరుగు. చూశారా, మొదటి అడుగులో పంచిన పనే ఇక్కడ ఆకారంగా మారింది.

ఐదో అడుగు: మాట, అక్షరం

ఒక్కొక్కరికి ఒక్కో మాట తీరు ఉండాలి, కానీ యాసను ఎగతాళికి వాడకండి. కర్నూలు వాడు "యాడికి పోతాండావప్పా" అంటాడు, కడప వాడు "ఏందబ్బీ" అంటాడు, అనంతపురం వాడి నోట "సామీ" వస్తుంది. బుడగకు ఒక్క యాస మాట చాలు, మిగతాది మామూలు తెలుగులో ఉంటే కోస్తా, తెలంగాణ వాళ్లు కూడా హాయిగా చదువుకుంటారు. కమాండ్లు హిందీలోనే ఉంచండి, సావధాన్, విశ్రామ్, తేజ్ చల్, థమ్. వాటికి తెలుగు వెతికితే పరేడ్ కాస్తా నాటకం అయిపోతుంది. మన జవాను మలయాళీ జవాన్తో మాట్లాడేది విరిగిన హిందీ అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత తెలుగులోనే నడిపించండి.

బుడగ సైజు గురించి ముందే ఆలోచించండి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి. ఒకసారి బొమ్మలన్నీ పూర్తిచేసి తర్వాత మాటలు అతికిస్తే, 'స్త్రీ' లాంటి అక్షరాలు కింది వరుసలో ఇరుక్కుపోయి అచ్చులో మసిముద్దలా వచ్చాయి. అప్పటి నుంచి పెన్సిల్ దశలోనే మాటలు రాసి, ఇరవై మాటలు దాటిన బుడగను రెండుగా కోస్తున్నాను. పక్క పాత్రలకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే చోటు చాలనప్పుడు మనం మొదట కత్తిరించేది వాళ్ల మాటలే.

ఆరో అడుగు: యూనిఫాం లేనివాళ్లు

కొండ మీద సైన్యం ఒక్కటే ఉండదు. సియాచిన్ వైపు సామాను మోసే లద్దాఖ్ పోర్టర్లు ఉంటారు, కంచర గాడిదలు ఉంటాయి, వాటిని నడిపేవాళ్లు ఉంటారు. కార్గిల్ సంగతే చూడండి: 1999 మే మొదట్లో బటాలిక్ వైపు చొరబాటుదారులను చూసి సైన్యానికి చెప్పింది తాషీ నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరి, తప్పిపోయిన యాక్‌ను వెతుక్కుంటూ పోయినవాడు. కథకుడు రాసి ఉంటే నమ్మరు, నిజంగా జరిగింది కాబట్టి నమ్మాలి. మీ సిరీస్‌లో ఇలాంటి ఒక మనిషిని పెట్టండి, అతనికి సొంత పని ఉండాలి, సైన్యం కోసం పుట్టినట్టు ఉండకూడదు. యాక్ దొరికిందా లేదా అన్నది కూడా కథలో చెప్పండి.

ఇంటివాళ్లను ఫోన్లో ఏడ్చేవాళ్లుగా మాత్రం చూపించకండి. ఓబులేసు అమ్మ ఫోన్ చేస్తే బోరు ఎండిపోయిన సంగతి, బ్యాంకు వాయిదా సంగతి మాట్లాడుతుంది, చివర్లో "చలి ఎట్లుంది నాయనా" అని అడిగి పెట్టేస్తుంది.

ఏడో అడుగు: చావు

ఎవరో ఒకరు చనిపోవాలి, లేకపోతే అది యుద్ధం కాదు. కానీ హీరోకి కోపం తెప్పించడానికి ఒకణ్ని చంపడం నాకు నచ్చదు. సార్జెంట్ ఫ్యూరీ నాలుగో సంచికలోనే జూనియర్ జునిపర్ అనే కుర్రాడు చనిపోతాడు. ముఖ్యమైన జట్టులో ఎవరికీ ఏమీ కాదన్న ధైర్యం ఆ సంచికతో పోయింది. అది పనిచేయడానికి కారణం అంతకు ముందు మూడు సంచికల్లో అతను జట్టులో ఒకడిగా ఉండటమే.

మన దగ్గరి సంగతి చెప్తాను. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19 మద్రాస్ బెటాలియన్ పోస్టు మీద మంచు కూలి పదిమంది కూరుకుపోయారు. ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో బయటపడి, ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఆ పేరు దేశమంతా గుర్తుంది. మిగతా తొమ్మిది మందిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకడు. దేశానికి అతను పదిమందిలో ఒకడు, పార్నపల్లెకు మాత్రం అతనే. పక్క పాత్ర చావు రాసేటప్పుడు నేను ఇదే గుర్తుపెట్టుకుంటాను. చనిపోయాక కనీసం రెండు పేజీలు ఆ ఊరికి ఇవ్వండి. ఆ తర్వాతి సంచికలో అతని పని ఎవరు చేస్తున్నారో చూపించండి, మెషిన్ గన్ మ్యాగజైన్లు ఇప్పుడు వేరేవాడి వీపు మీద ఉన్నాయి, కట్లు వదులుగా ఉన్నాయి, ఎందుకంటే అతను పొట్టివాడు.

ఎనిమిదో అడుగు: రిజిస్టర్, హీరో లేని సంచిక

ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని ఒక్కో పాత్రకు రెండు పేజీలు కేటాయించండి. ఏ చేతివాటం, ఏ గాయం ఏ సంచికలో తగిలింది, ఎవరికి అప్పున్నాడు, చివరిసారి లీవ్ ఎప్పుడు. నాలుగో సంచికలో ఎడమ చేతికి కట్టు ఉన్నవాడు ఐదో సంచికలో కుడిచేతికి కట్టుతో కనిపిస్తే పిల్లలే పట్టుకుంటారు.

ఆరో సంచిక వచ్చేసరికి హీరో ఒక్క గడిలో కూడా కనిపించని కథ ఒకటి రాయండి. మీ పక్క పాత్రలు నిలబడ్డాయో లేదో అప్పుడే తెలుస్తుంది. నేను ఇరవై రెండు పేజీలూ నీళ్లు మోసే మౌలాలికే ఇచ్చాను. రాత్రి పోస్టులో నీళ్లు అయిపోయాయి, కింది గుడారంలో కరిగించిన నీళ్లు ఉన్నాయి, మధ్యలో మూడొందల మీటర్ల మంచు వాలు, అంతే కథ. ఆ పేజీలు కూడా హవల్దార్ అన్న చేతిలోనే పెట్టాను. చాలాసేపు చూశాడు. పన్నెండో పేజీ దగ్గర ఆగి, మౌలాలి వీపు మీద వేలు పెట్టి, "ఆ క్యాన్ మూతకి దారం కట్టల్లప్పా, చేతులు మొద్దుబారినప్పుడు జారిపోతాది, మంచులో మళ్లీ దొరకదు" అన్నాడు. ఆ రోజు సాయంత్రం తెల్ల రంగు తీసుకుని కూర్చుని, క్యాన్ కనిపించే గడి ప్రతిదాన్లో మూతకి దారం గీశాను.